డెంటిస్ట్ దగ్గర అరువు తెచ్చిన తుపాకీ: గ్యాంగ్‌స్టర్ల కాలంలో పోలీసులు పట్టిన ‘ఆటోమేటిక్’ అసలు కథ

1934 మే 23, ఉదయం తొమ్మిది దాటింది. అమెరికాలో లూసియానా రాష్ట్రం, బియెన్‌విల్ పారిష్ (జిల్లాను అక్కడ పారిష్ అంటారు). గిబ్స్‌లాండ్ అనే చిన్న ఊరికి దక్షిణంగా, పైన్ చెట్ల మధ్య నుంచి వెళ్ళే రోడ్డు. పక్కనున్న పొదల్లో ఆరుగురు పోలీసులు రాత్రంతా కాపు కాసి ఉన్నారు. ఎదురుగా చక్రం ఊడదీసి జాకీ మీద నిలబెట్టిన పాత ట్రక్కు. ఎర అది. ఇసుక రంగు ఫోర్డ్ వి-8 కారు ఆ ట్రక్కును చూసి నెమ్మదించింది. అందులో ఉన్నవాళ్ళు దేశమంతా వెతుకుతున్న దొంగల జంట క్లైడ్ బారో, బానీ పార్కర్. కాసేపట్లో దాదాపు 130 తూటాలు పేలాయి. ఇద్దరూ కారులోనే చనిపోయారు.

ఆ ఆరుగురిలో ఇద్దరు, టెడ్ హింటన్, బాబ్ ఆల్కార్న్, డల్లాస్ డిప్యూటీలు, అంటే స్థానిక పోలీసు అధికారి షెరీఫ్ కింద పనిచేసేవాళ్ళు. తర్వాత పత్రికలవాళ్ళతో వాళ్ళు చెప్పిన మాటల సారాంశం ఇది: మా ఆరుగురి దగ్గరా తలో షాట్‌గన్, తలో ఆటోమేటిక్ రైఫిల్, పిస్టళ్ళు ఉన్నాయి, ముందు ఆటోమేటిక్ రైఫిళ్ళతో మొదలుపెట్టాం, అవి ఖాళీ అయ్యాక షాట్‌గన్‌లు ఎత్తాం.

చదివేవాడి కళ్ళ ముందు ఏం కదులుతుంది? ఆరు మెషిన్ గన్‌లు ఒక్కసారిగా గర్జించిన దృశ్యం. కానీ ఆ ‘ఆటోమేటిక్ రైఫిళ్ళ’లో కొన్ని మెషిన్ గన్‌లు కానే కావు. జింకల వేటకని దుకాణాల్లో అమ్మిన తుపాకులు. ఈ ఒక్క మాట చుట్టూ అల్లుకున్న గందరగోళం తొంభై ఏళ్ళయినా వదల్లేదు. 2024లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన ఓ కేసు కూడా చివరికి ఈ తేడా మీదే నడిచింది. అందుకే మొదటి నుంచీ విప్పి చూద్దాం.

వేలు ఒకసారి నొక్కితే ఎన్ని పేలతాయి?

తుపాకీ పేలిన ప్రతిసారీ నాలుగు పనులు జరగాలి. ఖాళీ గుండు తొడుగు బయటికి రావాలి. కొత్త తూటా లోపలికి పోవాలి. దాని వెనక తలుపు మూసుకోవాలి. కొట్టే సుత్తి మళ్ళీ బిగుసుకోవాలి. ఈ నాలుగు పనులూ ఎవరు చేస్తారన్నదాన్ని బట్టే రకాలు.

అన్నీ మనిషే చేతితో చేస్తే అది చేతి రైఫిల్. పాశ్చాత్య సినిమాల్లో గుర్రం మీద కూర్చుని కింది మీటను టకటకా ఆడించే లీవర్ రైఫిల్ ఈ జాతిదే. ఆ పనులన్నీ తుపాకీ తనంతట తానే చేసుకుని, ఆ తర్వాత ఆగిపోయి, వేలు వదిలి మళ్ళీ నొక్కే దాకా పేలకపోతే సెమీ ఆటోమేటిక్. నొక్కు తూటా లెక్కన ఒకటికి ఒకటి. నింపుకుని ఆగకుండా, వేలు నొక్కి ఉంచినంతసేపూ పేలుతూనే ఉంటే పూర్తి ఆటోమేటిక్. దాన్నే జనం మెషిన్ గన్ అంటారు.

ఇంతవరకూ తేలికే. చిక్కు తయారుచేసిన కంపెనీల దగ్గరే మొదలైంది. రెమింగ్టన్ తన రైఫిల్‌ను ‘ఆటోలోడింగ్’ అని అమ్మింది. పోటీ కంపెనీ వించెస్టర్ ‘సెల్ఫ్ లోడింగ్’ అంది. రెండు పేర్లూ నిజాయితీగానే ఉన్నాయి, తనంతట తాను నింపుకునేది అని మాత్రమే చెప్పాయి. వాడకంలో మాత్రం కొన్నవాడూ, అమ్మినవాడూ, రాసినవాడూ అన్నింటినీ కలిపి ‘ఆటోమేటిక్’ అనేశారు. జేబులో పిస్టల్ ఆటోమేటిక్, వేటగాడి రైఫిల్ ఆటోమేటిక్, సైన్యం వాడే భారీ తుపాకీ కూడా ఆటోమేటిక్. దాని పేరే బ్రౌనింగ్ ఆటోమేటిక్ రైఫిల్. మొదటి అక్షరాలతో బీఏఆర్ అంటారు. హింటన్, ఆల్కార్న్ అబద్ధమాడారని నేననుకోను. ఆ రోజుల్లో వాళ్ళ ఊళ్ళో అందరూ మాట్లాడినట్టే మాట్లాడారు.

గడియ పెట్టిన తలుపు, రుబ్బురోలు దొర్లించిన తలుపు

తూటా పేలినప్పుడు గొట్టంలో పుట్టే వాయువు ముందుకు తూటాను, వెనక్కి తొడుగును ఒకే బలంతో తోస్తుంది. వెనకవైపు తలుపు (బోల్ట్ అంటారు) ఆ క్షణంలో తెరుచుకుంటే కాల్చేవాడి మొహమే కాలుతుంది. కాబట్టి తూటా గొట్టం దాటి, ఒత్తిడి తగ్గేదాకా తలుపు మూసి ఉండాలి. ఆ తర్వాత తనంతట తానే తెరుచుకోవాలి. సెమీ ఆటోమేటిక్ రైఫిల్ చేయడంలో అసలు సమస్య ఈ ఆలస్యాన్ని ఎలా తెప్పించాలన్నదే.

ఇంటి తలుపు తెరుచుకోకుండా ఉండాలంటే గడియ పెట్టడం ఒక పద్ధతి. గడియ లేకుండా తలుపు వెనక రుబ్బురోలు దొర్లించి పెట్టడం ఇంకో పద్ధతి. ఆనాటి రెండు పెద్ద పోలీసు రైఫిళ్ళు ఈ రెండు పద్ధతులకూ నమూనాలు.

గడియ పద్ధతి జాన్ మోజెస్ బ్రౌనింగ్‌ది. యూటా రాష్ట్రంలోని ఆగ్డెన్‌కు చెందిన ఈయన ఈ రైఫిల్‌కు 1900లో పేటెంట్ పొందాడు. రెమింగ్టన్ 1906లో అమ్మకానికి తెచ్చింది, 1911లో దానికి మోడల్ 8 అని పేరు మార్చింది. ఇందులో బోల్ట్ తల మెలితిరిగి గొట్టంలోకి బిగుసుకుంటుంది. పేలగానే గొట్టం, బోల్ట్ ఒకదానికొకటి కరుచుకునే పూర్తిగా వెనక్కి వస్తాయి. అక్కడ బోల్ట్‌ను ఓ కొక్కెం పట్టి ఆపుతుంది. గొట్టం ఒక్కటే ముందుకు తిరిగి వెళ్తుంది, వెళ్తూ ఖాళీ తొడుగును వెనక వదిలేస్తుంది. అది పక్కకు ఎగిరిపోతుంది. అప్పుడు కొక్కెం వదలగానే బోల్ట్ కొత్త తూటాను తోసుకుంటూ ముందుకెళ్ళి మళ్ళీ బిగుసుకుంటుంది. ఇదంతా రెప్పపాటులో. ఇలా కదిలే గొట్టం బయటికి కనిపించదు, దాని చుట్టూ కదలని ఇంకో ఉక్కు గొట్టం తొడిగారు. అందుకే మోడల్ 8ను మొదటిసారి చూసినవాళ్ళు దాని లావు మూతి చూసి షాట్‌గన్ అనుకుంటారు.

దాని కుడివైపు చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. రేకులాంటి పొడవాటి మీట ఒకటి. పైకెత్తితే ట్రిగ్గర్ పనిచేయదు, బోల్ట్ కదిలే సందు కూడా మూసుకుపోయి దుమ్ము పోదు. కలాష్నికోవ్ ఫోటో చూసినవాళ్ళెవరైనా ఈ మీటను ఎక్కడో చూశామే అనుకుంటారు. ఏకే-47 కుడివైపున ఉన్న మీటకూ దీనికీ అంత దగ్గరి పోలిక.

రుబ్బురోలు పద్ధతి వించెస్టర్ ఇంజనీరు థామస్ క్రాస్లీ జాన్సన్‌ది. దీని వెనక చిన్న కంపెనీ రాజకీయం ఉంది. బ్రౌనింగ్ ఏళ్ళ తరబడి తన నమూనాలను వించెస్టర్‌కే అమ్మేవాడు. తన ఆటోమేటిక్ షాట్‌గన్ విషయంలో మాత్రం ఒక్కసారి ఇచ్చే సొమ్ము వద్దు, అమ్మిన ప్రతి తుపాకీ మీదా వాటా కావాలన్నాడు. వించెస్టర్ ఒప్పుకోలేదు. 1902లో దారులు వేరయ్యాయి. బ్రౌనింగ్ బెల్జియంకు, తర్వాత రెమింగ్టన్‌కు వెళ్ళాడు. ఇక వించెస్టర్ సొంతంగా నింపుకునే తుపాకీ చేయాలంటే బ్రౌనింగ్ పేటెంట్లను తాకకుండా చేయాలి. జాన్సన్ గడియ జోలికే పోలేదు. బోల్ట్‌కు ముందువైపు, చేతితో పట్టుకునే చెక్క లోపల, పెద్ద ఉక్కు దిమ్మను జోడించాడు. అంతే. ఆ బరువు కదలడానికి పట్టే సమయమే ఆలస్యం.

ఇది ఎలా పనిచేస్తుందో ఓ లెక్క చూద్దాం. జాన్సన్ పద్ధతిలో చేసిన వించెస్టర్ మోడల్ 1907 వాడే .351 తూటా (ఈ అంకె తూటా లావు, అంగుళాల్లో) బరువు సుమారు 11.7 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 565 మీటర్లు. బరువును కిలోల్లోకి మార్చి రెండూ గుణిస్తే 6.6 వస్తుంది. వెనక్కి వెళ్ళే బోల్ట్‌కూ అంత తోపే తగులుతుంది (వాయువు వాటా పక్కన పెడదాం). బోల్ట్ బరువు 400 గ్రాములే అనుకుంటే అది సెకనుకు 16.5 మీటర్ల వేగంతో, అంటే గంటకు దాదాపు 60 కిలోమీటర్లతో వెనక్కి దూసుకొస్తుంది. తుపాకీ నాలుగు రోజుల్లో ముక్కలవుతుంది. బరువు 1,200 గ్రాములు చేస్తే వేగం గంటకు 20 కిలోమీటర్లకు, సైకిల్ తొక్కే వేగానికి పడిపోతుంది. ఆ 400, 1,200 సంఖ్యలు లెక్క కోసం నేను తీసుకున్నవే గాని సూత్రం మాత్రం జాన్సన్‌దే.

ఈ పద్ధతిలో ఉన్న ఇబ్బంది కూడా ఆ లెక్కలోనే ఉంది. తూటా బలం పెంచితే దిమ్మ బరువూ పెరగాలి. 1905, 1907, 1910 మోడళ్ళు వరసగా బలమైన తూటాలతో వచ్చాయి. 1910 నాటి .401 దగ్గరికి వచ్చేసరికి భుజానికి తగిలే దెబ్బ గట్టిగానే ఉండేది. నడిమధ్యన నిలిచిన 1907 ఎక్కువ కాలం బతికింది, దాదాపు యాభై ఏళ్ళు తయారైంది. దీన్ని బిగించడానికి బోల్ట్ మీద పిడి ఉండదు. గొట్టం కింద ముందుకు పొడుచుకొచ్చిన కడ్డీని అరచేతితో లోపలికి నొక్కాలి. మొదటిసారి పట్టుకున్నవాళ్ళు పిడి కోసం కాసేపు వెతుక్కుంటారు.

తేలిక తూటా, భారీ కారు

పోలీసులకు రైఫిళ్ళతో పనేం పడింది? అంతకుముందు వాళ్ళకు నడుముకు రివాల్వర్, స్టేషన్ గోడకు ఓ షాట్‌గన్ ఉంటే చాలు. పరిస్థితి మార్చింది కారు. 1932లో ఫోర్డ్ చవకగా వి-8 ఇంజన్ కారు తెచ్చింది. బ్యాంకు దోచి రాష్ట్రం సరిహద్దు దాటేయడం దొంగలకు సులువైంది. సరిహద్దు దాటితే అవతలి రాష్ట్రం పోలీసు వేరు, చట్టం వేరు. కారు శరీరం కూడా మారింది, ఉక్కు రేకులు పెరిగాయి. రివాల్వర్ తూటాలు తలుపుకు తగిలి చదునైపోతున్నాయనేది నాటి పోలీసుల మామూలు గోడు. ఈ గోడుకు జవాబుగానే 1929లో కోల్ట్ .38 సూపర్ పిస్టల్, 1935లో స్మిత్ అండ్ వెసన్ .357 మాగ్నమ్ రివాల్వర్ వచ్చాయి.

తూటా శక్తిని కొలిచే లెక్క బడిలో చదువుకున్నదే. బరువులో సగాన్ని వేగంతో రెండుసార్లు గుణించడం. సినిమాల్లో గ్యాంగ్‌స్టర్లందరూ పట్టే థామ్సన్ సబ్‌మెషిన్ గన్, అంటే టామీ గన్, వాడేది .45 పిస్టల్ తూటానే. దాని బరువు 14.9 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 280 మీటర్లు. 0.0149లో సగం ఇంటూ 280 ఇంటూ 280. వచ్చేది దాదాపు 580 జౌళ్ళు. ఇదే లెక్కలో పోలీసు .38 రివాల్వర్ తూటాకు 350 రాదు. వించెస్టర్ .351కు దాదాపు 1,870 వస్తుంది. రెమింగ్టన్ మోడల్ 8లో వాడే .35 తూటా 13 గ్రాములు, 630 మీటర్లు. దానికి దాదాపు 2,580. సైన్యం .30-06 తూటాకు 3,500 చేరుతుంది.

.45నూ .35నూ పక్కపక్కన పెట్టండి. బరువు ఇంచుమించు ఒకటే, టామీ గన్ తూటాయే కాస్త బరువు. వేగం రెండింతలు దాటేసరికి శక్తి నాలుగింతలు దాటింది. శక్తి ఒక్కటే రేకును చీల్చదు. తూటా మీది తొడుగు, ఆకారం, తగిలిన కోణం కూడా లెక్కలోకి వస్తాయి. అయినా జింకను ఒక్క దెబ్బకు పడగొట్టడానికి చేసిన తూటా కారు తలుపు దగ్గర ఎందుకు మెరుగైందో అర్థమవుతుంది.

సైన్యం తుపాకీ ఇంకా బలమైంది కదా, అదే వాడొచ్చుగా? కొందరు వాడారు. 1931లో కోల్ట్ కంపెనీ బీఏఆర్‌ను కాస్త కురచ చేసి మానిటర్ పేరుతో పోలీసుల కోసం అమ్మింది. మొత్తం 125 చేస్తే అందులో 90 ఫెడరల్ బ్యూరోనే (నేటి ఎఫ్‌బీఐ) కొన్నది. దాని బరువు ఏడు కిలోలు పైమాటే, ధర 300 డాలర్లు. మహా మాంద్యం రోజుల్లో ఓ పల్లె షెరీఫ్‌కు అది అందని ద్రాక్ష. మోడల్ 8 బరువు మూడున్నర కిలోల పైచిలుకు, ఊళ్ళో హార్డ్‌వేర్ దుకాణంలో దొరుకుతుంది. ఊరిపెద్దల ఇళ్ళలో ఎలాగూ ఒకటో రెండో ఉంటాయి.

ఆ ఉదయం ఎవరి చేతిలో ఏముంది?

మళ్ళీ ఆ రోడ్డు మీదికి వద్దాం. మొదటి తూటా కాల్చింది బియెన్‌విల్ పారిష్ డిప్యూటీ ప్రెంటిస్ ఓక్లీ. ఆజ్ఞ కోసం ఆగకుండా కాల్చాడు, ఆ తూటాయే క్లైడ్ తలకు తగిలిందని చాలామంది చరిత్రకారుల మాట. అతని చేతిలోది రెమింగ్టన్ మోడల్ 8. స్థానికంగా నిలిచిన కథనం ప్రకారం అది అతనిది కూడా కాదు, ఊళ్ళోని డెంటిస్ట్ దగ్గర అరువు తెచ్చుకున్నది. దేశమంతా వెతుకుతున్న మనిషిని పడగొట్టిన తుపాకీ ఒక పళ్ళ డాక్టరు సెలవు రోజుల్లో వేటకు పట్టుకెళ్ళేది కావడం ఆ కాలం పోలీసు వ్యవస్థ గురించి ఏ నివేదిక కన్నా ఎక్కువే చెబుతుంది.

దళానికి నాయకుడు ఫ్రాంక్ హేమర్, మాజీ టెక్సస్ రేంజర్ (రేంజర్లంటే ఆ రాష్ట్ర పోలీసు దళం). 1934 జనవరిలో ఈస్ట్‌హామ్ జైలు పొలం నుంచి బారో ముఠా ఖైదీలను తప్పించాక, టెక్సస్ జైళ్ళ అధిపతి లీ సిమన్స్ అతన్ని ప్రత్యేకంగా ఈ పనికి పెట్టాడు. హేమర్‌కు మోడల్ 8 ఇష్టమైన తుపాకీ అన్నది అందరూ ఒప్పుకునేదే. ఆ ఉదయం అతను కాల్చింది ఆ రైఫిలేనా, మానిటరా, రెండూనా అన్న దగ్గర కథనాలు చీలిపోతాయి. అతని రైఫిల్‌కు ఎక్కువ తూటాలు పట్టే ప్రత్యేక మ్యాగజైన్ (తూటాల డబ్బా) ఉందని కొందరు, మామూలు ఐదు తూటాలదేనని కొందరు. హింటన్ మాత్రం బీఏఆర్ పట్టాడు. కాబట్టి వాళ్ళు చెప్పిన ‘ఆటోమేటిక్ రైఫిళ్ళు’ ఒక జాతివి కావు. ఒకటి నిజంగా మెషిన్ గన్, ఇంకొకటి జింకల తుపాకీ. అన్నింటికీ కలిపి ఒకే పేరు.

శబ్దంలో తేడా ఎంతుంటుందో ఊహించుకోవడానికి ఓ చిన్న లెక్క. బీఏఆర్ నిమిషానికి 500 తూటాల వేగంతో కాల్చితే, 20 తూటాల మ్యాగజైన్ 2.4 సెకన్లలో ఖాళీ. మోడల్ 8లో ఐదే తూటాలు. సెకనుకొకటి చొప్పున గురిచూసి కాల్చినా ఐదు సెకన్లు. ఆపైన ఉక్కు పట్టీకి వరసగా గుచ్చిన ఐదు తూటాలను పైనుంచి బొటనవేలితో లోపలికి నొక్కి మళ్ళీ నింపుకోవాలి. తూటాలు ఖాళీ అయ్యాక షాట్‌గన్‌లు ఎత్తామన్న మాటకు అర్థం ఇదే. నింపుకునే సమయం లేదు, పక్కనున్న తుపాకీ అందుకోవడమే మేలు.

కారులో దొరికినవి కూడా చెప్పుకోవాలి. మూడు బీఏఆర్‌లు, కురచ చేసిన షాట్‌గన్‌లు, గుట్టలుగా తూటాలు. ఆ బీఏఆర్‌లు నేషనల్ గార్డ్ (రాష్ట్రాల అదనపు సైనిక దళం) ఆయుధాగారాల్లో కొట్టేసినవి. అంటే దొంగ దగ్గర సైన్యం తుపాకీ, పోలీసు దగ్గర వేటగాడి తుపాకీ.

హేమర్ గురించి ఒక్క పక్కమాట. 1920ల చివర్లో టెక్సస్ బ్యాంకర్ల సంఘం చచ్చిన బ్యాంకు దొంగకు 5,000 డాలర్లు ఇస్తామని ప్రకటించింది, బతికి ఉన్నవాడికి పైసా లేదు. దాంతో కొందరు అమాయకులను బ్యాంకు దగ్గరికి రప్పించి కాల్చి, బహుమతి పట్టుకుపోయారు. 1928లో ఆ సంగతి పత్రికలకెక్కించి బట్టబయలు చేసింది ఈ హేమరే. పొదల మాటున కాపు కాసి కాల్చడంపై అతన్ని తప్పుబట్టేవాళ్ళూ, వెనకేసుకొచ్చేవాళ్ళూ ఈ కథను గుర్తుపెట్టుకుంటే బాగుండేది.

మరి టామీ గన్ సంగతేంటి?

టామీ గన్‌కు అంత పేరు ఊరికే రాలేదు. 1929 ఫిబ్రవరి 14న షికాగోలో ఒక గ్యారేజీలో ఏడుగురిని గోడకు నిలబెట్టి కాల్చింది రెండు థామ్సన్లతో, ఒక షాట్‌గన్‌తో. 1933 జూన్ 17న కాన్సస్ సిటీ యూనియన్ స్టేషన్ ముందు ఒక ఖైదీని తరలిస్తుండగా జరిగిన కాల్పుల్లో నలుగురు పోలీసులు, ఆ ఖైదీ కూడా చనిపోయారు. నాటి పత్రికల్లో, వినేవాళ్ళ చెవుల్లో నిలిచిపోయింది ఆ ఎడతెగని చప్పుడే.

కాబట్టి ఇక్కడ రెండు వాదనలున్నాయి. దొంగల చేతిలో మెషిన్ గన్‌లుంటే పోలీసులు తేలిపోయారు, బలమైన రైఫిళ్ళు లేకపోతే ఓడేవారు అన్నది ఒకటి. కాన్సస్ సిటీ ఘటన, నేషనల్ గార్డ్ ఆయుధాలు పోవడం దీనికి గట్టి సాక్ష్యాలే. రెండో వాదన: అసలు లోటు తుపాకీలో లేదు. రాష్ట్రాల మధ్య సమాచారం లేదు, చాలా చోట్ల పోలీసు కారులో రేడియో లేదు, ఫెడరల్ ఏజెంట్లకు 1934 జూన్ దాకా తుపాకీ పట్టే అధికారం కూడా చట్టంలో స్పష్టంగా లేదు. బారో ముఠా దొరికింది తుపాకీ బలంతో కాదు, ముఠాలోని ఒకడి కుటుంబంతో బేరం కుదరడంతో. రోడ్డు మీద ఎరగా నిలబెట్టిన ట్రక్కు ఆ కుటుంబానిదే. నా మటుకు రెండో వాదనే బరువుగా తోస్తుంది. ఆ వాదన నిజమైనా, ఆ రోడ్డు మీద నిలబడాల్సిన డిప్యూటీకి చేతిలో ఏముండాలన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలిపోతుంది.

కంపెనీలు కూడా అవకాశం వదులుకోలేదు. 1930ల నడుమ వించెస్టర్ 1907ను ‘పోలీస్ రైఫిల్’ అని ప్రత్యేకంగా అమ్మింది. జైలు కావలివాళ్ళు, బ్యాంకు గార్డులు కొన్నారు. మిజోరి రాష్ట్రం సెయింట్ జోసెఫ్‌లో పీస్ ఆఫీసర్ ఎక్విప్‌మెంట్ అనే కంపెనీ రెమింగ్టన్ రైఫిళ్ళకు 15 తూటాలు పట్టే, తీసి పెట్టుకునే మ్యాగజైన్ బిగించి పోలీసులకు అమ్మింది. ఈ 15 అనే సంఖ్య గుర్తుపెట్టుకోండి.

1934 చట్టం: పన్నెండు తూటాలా, ఒక్క నొక్కా?

అదే ఏడాది వాషింగ్టన్‌లో అటార్నీ జనరల్ హోమర్ కమింగ్స్ తుపాకుల చట్టం ముసాయిదా తెచ్చాడు. మెషిన్ గన్‌ల మీద పన్ను వేయాలి, నమోదు చేయాలి. సరే, మెషిన్ గన్ అంటే ఏమిటి?

మొదటి ముసాయిదా చెప్పిన అర్థం ఇది: ఆటోమేటిక్‌గా గాని సెమీ ఆటోమేటిక్‌గా గాని, మళ్ళీ నింపకుండా 12 లేదా అంతకంటే ఎక్కువ తూటాలు కాల్చేది. దీన్ని మన రైఫిళ్ళ మీద పెట్టి చూడండి. ఐదు తూటాల మోడల్ 8 మెషిన్ గన్ కాదు. పది తూటాల మ్యాగజైన్ ఉన్న వించెస్టర్ 1907 కాదు. అదే రెమింగ్టన్‌కు సెయింట్ జోసెఫ్ కంపెనీ 15 తూటాల మ్యాగజైన్ బిగిస్తే? మెషిన్ గన్ అయిపోతుంది. లోపల ఒక్క స్క్రూ మారలేదు, పేలే తీరు మారలేదు, కింద డబ్బా పెద్దదైంది, అంతే. తిరగేసి చూస్తే, ఎనిమిది తూటాలే పట్టే తుపాకీ వేలు నొక్కి ఉంచితే ధారగా పేలినా మెషిన్ గన్ కింద లెక్కకు రాదు.

ముసాయిదా మీద చట్టసభ జరిపిన విచారణలో తుపాకీ యజమానుల సంఘం నేషనల్ రైఫిల్ అసోసియేషన్ అధ్యక్షుడు కార్ల్ ఫ్రెడరిక్ వేరే కొలమానం ప్రతిపాదించాడు. ఎన్ని తూటాలు పడతాయన్నది కాదు, ట్రిగ్గర్ ఒక్కసారి పనిచేస్తే ఒకటి కంటే ఎక్కువ పేలతాయా అన్నది చూడమన్నాడు. చివరికి చట్టంలోకి ఎక్కింది ఇదే. 1934 జూన్ 26న అధ్యక్షుడు రూజ్వెల్ట్ సంతకం పడింది. మెషిన్ గన్‌ మీద 200 డాలర్ల పన్ను, ఇంచుమించు ఓ కొత్త టామీ గన్ ధరంత. ముసాయిదాలో ఉన్న పిస్టళ్ళు, రివాల్వర్లు కూడా చివరికి తప్పుకున్నాయి.

ఒక వింత మిగిలింది. చట్టం అర్థంలో ‘సెమీ ఆటోమేటిక్‌గా’ అనే మాట అలాగే ఉండిపోయింది: ఆటోమేటిక్‌గా గాని సెమీ ఆటోమేటిక్‌గా గాని, ట్రిగ్గర్ ఒక్క పనితో ఒకటి కంటే ఎక్కువ కాల్చేది అని. ఒక్క నొక్కుకు ఒకటే కాల్చేదాన్నే సెమీ అంటాం కాబట్టి ఆ మాటకు అక్కడ పనే లేదు. పాత ముసాయిదా తాలూకు తోక అది. 1968లో గాని దాన్ని తీసేయలేదు.

తూటాల సంఖ్య కొలమానాన్ని మెచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఎంత హాని చేయగలదన్నదే అసలు ప్రశ్న, అది డబ్బా పరిమాణం మీద ఆధారపడుతుందని వాళ్ళ వాదం. 1994 నుంచి 2004 దాకా అమెరికాలో అమల్లో ఉన్న నిషేధం పదికి మించిన కొత్త మ్యాగజైన్లను ఆపింది ఈ ఆలోచనతోనే. అవతలివాళ్ళు, డబ్బా మార్చడం క్షణం పని, యంత్రం మార్చడం కాదు, చట్టం యంత్రాన్నే చూడాలంటారు. 1934లో మొదలైన ఈ పేచీ ఇంకా అక్కడే ఉంది.

మన దేశ చట్టం ఏ వైపు? 1959 ఆయుధాల చట్టం నిషిద్ధ ఆయుధాన్ని చెప్పేటప్పుడు, ట్రిగ్గర్ మీద ఒత్తిడి తీసేదాకానో, మ్యాగజైన్ ఖాళీ అయ్యేదాకానో పేలుతూ ఉండేది అంటుంది. సూత్రం అదే, వేలిని చూస్తుంది. కాకపోతే ‘పని’ అనకుండా ‘ఒత్తిడి’ అంది. ఈ చిన్న తేడా ఎందుకు ముఖ్యమో వెంటనే చూద్దాం.

అదే మాట, 2024లో

2017 అక్టోబర్ 1న లాస్ వేగస్‌లో సంగీత కచేరీ మీద ఒకడు కాల్పులు జరిపాడు. వాడు కొన్ని సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ళకు ‘బంప్ స్టాక్’ తగిలించాడు. అది భుజానికి ఆనే భాగంలో రైఫిల్‌ను ముందూ వెనక్కూ జారనిస్తుంది. పేలినప్పుడు తుపాకీ వెనక్కి జారుతుంది, చేయి ముందుకు తోస్తూ ఉంటే కదలకుండా నిలిచిన వేలికి ట్రిగ్గర్ మళ్ళీ మళ్ళీ వచ్చి తగులుతుంది. చెవికి వినిపించేది మెషిన్ గనే.

2018లో ప్రభుత్వం దీన్ని మెషిన్ గన్‌గా తేల్చి నిషేధించింది. 2024 జూన్ 14న సుప్రీంకోర్టు 6-3 తీర్పుతో ఆ నిషేధాన్ని కొట్టేసింది. మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ క్లారెన్స్ థామస్ వాదన పూర్తిగా యంత్రం లోపలిది: ప్రతి తూటాకూ ట్రిగ్గర్ ఒకసారి వెనక్కి, ఒకసారి ముందుకు కదులుతోంది, కాబట్టి అది వేరువేరు పనులే. విభేదించిన జస్టిస్ సోనియా సోటోమయార్ మనిషి వైపు నుంచి చూసింది: కాల్చేవాడు ఒకసారి మొదలుపెడితే ఆగకుండా పేలుతోంది, చట్టం ఆపాలనుకున్నది దీన్నే కదా. ‘ఒక్క పని’ అంటే ట్రిగ్గర్ చేసే పనా, వేలు చేసే పనా? 1934లో ఆ మాట రాసినప్పుడు ఇలాంటి పరికరం ఎవరి ఊహలోనూ లేదు.

ఇక 2026 జనవరి 1 నుంచి ఆ పాత 200 డాలర్ల పన్ను సైలెన్సర్లకు, కురచ రైఫిళ్ళకు, కురచ షాట్‌గన్‌లకు సున్నా అయింది. మెషిన్ గన్‌లకు మాత్రం అలాగే ఉంది. ఈ వార్తలు చదివేటప్పుడు ఏ తుపాకీని ఏ పేరుతో పిలుస్తున్నారో ఒకసారి చూసుకుంటే సగం గందరగోళం తగ్గుతుంది.

ఆ రైఫిళ్ళు ఏమయ్యాయి?

మోడల్ 8 తయారీ 1936లో ఆగి, కొద్ది మార్పులతో మోడల్ 81గా 1950 దాకా నడిచింది. వించెస్టర్ తేలిక తూటాల అనుభవం వృథా పోలేదు. రెండో ప్రపంచయుద్ధంలో సైనికులు మోసిన చిన్న ఎం1 కార్బైన్ తూటా, 1905 మోడల్ వించెస్టర్ .32 తూటా నుంచే పుట్టింది. యుద్ధం అయ్యాక ఆ కార్బైన్లే మిగులు సరుకుగా పోలీసుల చేతుల్లోకి వచ్చి పాత .351లను పక్కకు నెట్టాయి.

.351 తూటాను పెద్ద కంపెనీలు చేయడం ఎప్పుడో మానేశాయి. ఆ రైఫిల్ ఉన్నవాళ్ళు ఒక్కో తొడుగునూ ఏరుకుని, మళ్ళీ మళ్ళీ నింపుకుంటారు. .35 రెమింగ్టన్ మాత్రం ఇప్పటికీ అమెరికా దుకాణాల్లో కొత్త డబ్బాల్లో దొరుకుతుంది. అయితే ఆ డబ్బాలు కొనేవాళ్ళలో ఎక్కువమంది దగ్గర ఉండేది మోడల్ 8 కాదు. మార్లిన్ లీవర్ రైఫిల్, చేత్తో మీట ఆడించేది. శరత్కాలంలో అడవికి జింకల కోసం పోయేవాళ్ళది.